దీర్ఘానికి ఎన్ని మాత్రలు?

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న ఒక యువకుడు ఒక బుధవారం సాయంకాలం తన సహోద్యోగినిపై ఆరోపణ చేస్తూ లేఖ వ్రాశాడు. ఆమె చెన్నైలో ఉంటుంది. వయస్సులోను, అనుభవంలోను అతనికంటె పెద్దది. ఆమె వ్రాసిన లైబ్రరీ యంత్రస్మృతిని పాడుచేస్తున్నదని, అందువల్లనే తమ పరికరం తప్పుడు లెక్కలు చూపుతున్నదని, దానికి తన వద్ద ప్రత్యక్ష నిదర్శనం ఉన్నదని ఆ లేఖ సారాంశం. తెరపై తాను చూసినదాని చిత్రాన్ని జతపరచి, లేఖ ప్రతిని పైఅధికారులకు కూడా పంపాడు. అతడు అసత్యమాడలేదు. చూసినదే వ్రాశాడు. చూసినది మాత్రం అక్కడ లేదు.

దర్శనశాస్త్రాలతో కొంచెం పరిచయమున్నవారికైనా ఈ మాట వినగానే రజ్జుసర్పం స్ఫురిస్తుంది. మసక వెలుతురులో త్రాడు పాముగా తోచడం వేదాంతంలో అతి ప్రసిద్ధమైన దృష్టాంతం. కాని ఈ యువకుని విషయానికి అది సరిపడదు. అక్కడ దీపం తెస్తే పాము పోతుంది. ఇతడు మూడు రోజులపాటు దీపం వెంట దీపం తెస్తూనే ఉన్నాడు. దీపం తెచ్చినకొద్దీ పాము మరింత స్పష్టమైంది. ఇతని భ్రమ మరొక జాతికి చెందినది. దానికి శాస్త్రకారులు పీతశంఖాన్ని దృష్టాంతంగా చెబుతారు. పచ్చకామెర్లు సోకినవానికి తెల్లని శంఖం పచ్చగా కనిపిస్తుంది. ఎంత వెలుతురులో చూసినా పచ్చగానే కనిపిస్తుంది. శంఖంలో దోషం లేదు, వెలుతురులో దోషం లేదు, చూసే కరణంలో ఉన్నది. మన సామెత ఈ దృష్టాంతాన్ని మనిషి బుద్ధికి అన్వయించి నవ్వుతుంది గాని, మూలంలో ఇది శుద్ధమైన ప్రమాణవిచారం.

ఆ యువకుని కరణం ఒక డీబగ్గర్. ఈ వృత్తితో సంబంధం లేనివారికి నాలుగు మాటల్లో చెప్పవచ్చు. ప్రోగ్రాము నడుస్తూ ఉన్నప్పుడు దాని అంతరంగం ఎవరికీ కనబడదు. ఫలితం మాత్రమే బయటికి వస్తుంది. ఫలితం తప్పయినప్పుడు, నడకను ఒక పంక్తి వద్ద స్తంభింపజేసి, ఆ క్షణంలో స్మృతిలోని ఏ గదిలో ఏ సంఖ్య ఉన్నదో చూపించే సాధనం డీబగ్గర్. అక్కడి నుండి ఒక్కొక్క పంక్తి చొప్పున అడుగు వేయించవచ్చు. దోషాన్వేషణలో అది కన్ను. మరొక విశేషం: చూసేవాడు ఒక యంత్రం వద్ద, చూడబడేది మరొక యంత్రంలో ఉండవచ్చు. యువకుని మేజాపై ఉన్నది విండోస్ యంత్రం. ప్రోగ్రాము నడుస్తున్నది నీటి గొట్టాలలో పీడనాన్ని కొలిచే ఒక చిన్న పరికరంలో. దానిలో 64 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్, లైనక్స్. రెండింటి నడుమ ఒక తీగ. ఆ తీగ వెంట ప్రశ్నలు వెళతాయి, సమాధానాలు వస్తాయి.

పరికరానికి వచ్చిన రోగం చిన్నది. అరవై కొలతల సగటు చూపవలసినది, కొన్ని గంటలకు ఒకసారి అసంగతమైన సంఖ్యను చూపేది. కొలతలు నిలువ ఉండే స్థలాన్ని చెన్నైలోని సహోద్యోగిని వ్రాసిన లైబ్రరీ కేటాయిస్తుంది; ఆ స్థలం చిరునామాను ఒక పాయింటర్‌లో ఉంచి ఇస్తుంది. యువకుడు నడకను ఆపి ఆ పాయింటర్‌ను చూశాడు. షోడశాంక పద్ధతిలో పన్నెండు అంకెలుగా ఉండవలసిన చిరునామా ఎనిమిది అంకెలుగా కనిపించింది. ముందున్న నాలుగు అంకెల స్థానం శూన్యం. పాయింటర్ పై సగాన్ని ఎవరో సున్నలతో తుడిచివేశారన్నమాట. అనుమానం తీర్చుకొనడానికి ఆ ఎనిమిదంకెల చిరునామాలో ఏమున్నదో చూపమని డీబగ్గర్‌ను కోరాడు. అక్కడి స్మృతి అందుబాటులో లేదని సమాధానం వచ్చింది. ఇక సందేహమేమున్నది? చిరునామా చెడిపోయింది, చెడిపోయిన చిరునామాలో ఇల్లు లేదు. లేఖ వ్రాశాడు.

మరునాడు ఆమె నుండి ప్రత్యుత్తరం వచ్చింది. అదే ప్రోగ్రామును, అదే పరికరంలో, అదే పంక్తి వద్ద ఆపి చూశానని, తన తెరపై పన్నెండు అంకెలూ చక్కగా ఉన్నాయని. ఆమె మేజాపై ఉన్నది లైనక్స్ యంత్రం. ఆమె వాడినది అదే డీబగ్గర్. వారి సంస్థలోనే పూర్వం ఎవరో వ్రాసుకొన్నది, ఒకే మూలగ్రంథం నుండి విండోస్‌కు ఒకటి, లైనక్స్‌కు ఒకటి తయారుచేసినది. యువకుడు ఆ ప్రత్యుత్తరాన్ని తప్పించుకొనే మాటగా భావించాడు. మరొకసారి చూశాడు, ఎనిమిది. పరికరాన్ని ఆర్పి వెలిగించి చూశాడు, ఎనిమిది. మరొక పరికరాన్ని తెప్పించి చూశాడు, ఎనిమిది. ప్రతిసారీ ఒకే తప్పు రావడం అతని నమ్మకాన్ని బలపరచింది. చూపు స్థిరంగా ఉన్నంత మాత్రాన యథార్థం కాదన్న సంగతి అప్పటికి అతనికి తోచలేదు. కామెర్ల కన్ను ఒకనాడు పచ్చగా, ఒకనాడు తెల్లగా చూపదు గదా.

ఇక్కడ మీమాంసకుల విచారం ఒకటి చాలా సన్నిహితంగా వస్తుంది. జ్ఞానం కలిగిన వెంటనే అది ప్రమాణమే అని వారి పక్షం. ప్రతి చూపునూ మరొక చూపుతో రుజువు చేయవలసివస్తే, ఆ మరొక చూపును ఇంకొక చూపుతో రుజువు చేయాలి, అంతు ఉండదు. కనుక కలిగిన జ్ఞానాన్ని నమ్మడం సహజం, న్యాయం కూడా. ఎప్పుడు విడువాలి? రెండు సందర్భాలలో. దానిని కొట్టివేసే బాధకజ్ఞానం కలిగినప్పుడు. లేదా జ్ఞానాన్ని పుట్టించిన కారణంలోనే దోషమున్నదని తెలిసినప్పుడు. యువకుడు నమ్మినందుకు నిందించవలసినది లేదు. ఆ డీబగ్గర్ అతనికి నెలల తరబడి సత్యమే చెప్పింది. నిందించవలసినది ఏదైనా ఉంటే, బాధకజ్ఞానం మొదటి రోజునే కళ్ళ ముందు నిలబడినా దానిని పలకరించకపోవడం.

శనివారంనాడు కార్యాలయంలో ఎవరూ లేని వేళ అతడు దానిని చూశాడు. పాయింటర్ ఎనిమిది అంకెలతో వికలాంగంగా కనిపిస్తున్న ఆ పంక్తి తరువాతి పంక్తిలోనే ప్రోగ్రాము ఆ పాయింటర్ ద్వారా ఒక కొలతను చదువుతుంది. అతడు అడుగు వేయించాడు. ప్రోగ్రాము కొలతను చదివింది; నీటి పీడనానికి తగిన సంఖ్యే వచ్చింది. తరువాతి పంక్తికి సాగింది. ఆ తరువాతి పంక్తికి సాగింది. చిరునామా నిజంగా తెగిపోయి ఉంటే, లైనక్స్ ఆ ప్రోగ్రామును ఆ క్షణమే పడగొట్టి ఉండాలి. తల తెగినవాడు నాలుగు అడుగులు నడిచి నీళ్ళు త్రాగి వచ్చాడంటే, తల తెగలేదని అర్థం. ఆ అడుగును అతడు మూడు రోజులలో కనీసం ముప్ఫైసార్లు వేయించి ఉంటాడు.

అప్పుడు చేసిన పని రెండవ మార్గానికి చెందినది, కారణదోషపరీక్ష. తనకు ముందుగానే విలువ తెలిసిన ఒక సంఖ్యతో పది పంక్తుల ప్రోగ్రామును వ్రాశాడు. షోడశాంకాలలో 1122334455667788. దానిని పరికరంలో నడిపించి, ఆపి, డీబగ్గర్‌ను అడిగాడు. తెరపై 55667788 అని వచ్చింది.

డీబగ్గర్ మూలగ్రంథం తెరిచి చూస్తే దోషం ఒక్క పంక్తిలో ఉన్నది. పరికరం నుండి తీగ వెంట అంకెలన్నీ సంపూర్ణంగానే వస్తున్నాయి. వాటిని సంఖ్యగా మార్చి నిలువ ఉంచడానికి ఎంచుకొన్న పాత్ర పేరు 'అన్‌సైన్డ్ లాంగ్'. లైనక్స్ యంత్రంలో ఆ పాత్రలో 64 బిట్లు పడతాయి. విండోస్‌లో అదే పేరుగల పాత్రలో 32 బిట్లే పడతాయి. మిగిలినవి పొర్లిపోతాయి, చప్పుడు కూడా కాదు. తిరిగి పరికరాన్ని ప్రశ్నించేటప్పుడు కూడా చిరునామా అదే పాత్రలో నుండి వెళుతుంది, కనుక తెగిన చిరునామాయే వెళుతుంది, అక్కడ ఏమీ లేదనే సమాధానమే వస్తుంది. సాక్షి చెప్పినది నిజమో కాదో ఆ సాక్షినే మళ్ళీ అడిగినట్లయింది.

నెలల తరబడి ఈ దోషం ఎందుకు బయటపడలేదన్న ప్రశ్నకు సమాధానం కొంచెం విచిత్రమైనది. పూర్వపు పరికరాలు 32 బిట్లవి. వాటి చిరునామాలు ఎనిమిది అంకెలకు మించవు. కొత్త పరికరం 64 బిట్లదే అయినా, ఆ ప్రోగ్రామును తయారుచేసిన పద్ధతిలో దాని సొంత ఆదేశాలు, స్థిరమైన చరరాశులు 400000 దరిదాపుల చిరునామాలలో కూర్చుంటాయి. అవి చిన్న పాత్రలో హాయిగా ఇముడుతాయి. స్టాక్, పంచుకొనే లైబ్రరీలు, పెద్ద పరిమాణంలో అడిగి తెచ్చుకొన్న స్మృతి మాత్రం ఎంతో ఎత్తున, పన్నెండు అంకెల చిరునామాలలో ఉంటాయి. అంటే డీబగ్గర్ కొన్ని వస్తువుల విషయంలో సత్యవాది, కొన్నింటి విషయంలో అసత్యవాది. ఏది ఎప్పుడో ముఖం చూసి చెప్పలేము. పూర్తిగా చెడిన సాధనం ప్రమాదం కాదు. దానిని ఎవరూ నమ్మరు.

ఇక అసలు చిక్కు 'లాంగ్' అన్న పేరులో ఉన్నది. ఆంగ్లంలో ఆ మాటకు దీర్ఘం అని అర్థం. సీ భాషలో పూర్ణాంకాలకు 'షార్ట్', 'లాంగ్', 'లాంగ్ లాంగ్' అని పేర్లున్నాయి. వేదపాఠశాల గడప తొక్కినవారెవరికైనా హ్రస్వం, దీర్ఘం, ప్లుతం అని వినిపిస్తాయి. ఈ యువకుడు ఉపనయనమైన తరువాత వేసవి సెలవులలో కోనసీమలో తాతగారి వద్ద రుద్రం, చమకం, పురుషసూక్తం చెప్పుకొన్నవాడు. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు, ప్లుతానికి మూడు అన్నది అతనికి వ్రేళ్ళమీద వచ్చిన లెక్క. పాలపిట్ట కూత ఒక మాత్ర, కాకి కూత రెండు, నెమలి కేక మూడు, ముంగిస ధ్వని అర్ధమాత్ర అని పాణినీయశిక్షలో ఉన్న కొలమానాన్ని తాతగారు పెరటిలో కూర్చోబెట్టి చెప్పినది కూడా జ్ఞాపకమున్నది. ఆదివారం ఉదయం అలవాటు ప్రకారం తాతగారికి ఫోను చేసినప్పుడు, గొంతులో నీరసం పసిగట్టి ఆయన అడిగితే, ఈ గాథనంతా చెప్పాడు.

"దీర్ఘానికి రెండు మాత్రలని శిక్షలో స్పష్టంగా చెప్పారు కదా నాయనా! మీ శాస్త్రంలో చెప్పలేదా?" అన్నారాయన.

"చెప్పారు తాతగారూ. ముప్ఫైరెండు బిట్లకు తక్కువ కాకూడదని చెప్పారు. ఇంతే ఉండాలని చెప్పలేదు."

"తక్కువ కాకూడదంటే అది మాత్ర కాదురా, హద్దు."

తాతగారి మాట అక్షరాలా సరియైనది. సీ భాషకు 1989లో ఏర్పడిన ప్రమాణగ్రంథం షార్ట్‌కు కనీసం 16, లాంగ్‌కు కనీసం 32 బిట్లు అని నిర్ణయించింది. ముందుదానికంటె వెనుకది చిన్నది కాకూడదన్నది. 1999లో చేరిన లాంగ్ లాంగ్‌కు కనీసం 64. అంతకుమించి కట్టడి లేదు. దీనికి కారణం అలసత్వం కాదు. ఆ భాష పుట్టిన కాలంలో యంత్రాలు భిన్నభిన్న ప్రకృతులు కలవి. పీడీపీ-11 యంత్రంలో ఇంట్ 16 బిట్లు, లాంగ్ 32. హనీవెల్ 6000లో ఇంట్, లాంగ్ రెండూ 36. ప్రతి యంత్రం తనకు సహజమైన కొలతలో వేగంగా పనిచేయాలన్న ఉద్దేశంతో పేరు ఉంచి కొలతను యంత్రానికి విడిచిపెట్టారు. ఆనాడు ఒక యంత్రం మరొక యంత్రం అంతరంగంలోనికి తొంగిచూస్తుందని అనుకొని ఉండరు.

64 బిట్ల యంత్రాలు వచ్చినప్పుడు సంప్రదాయం రెండుగా చీలింది. యూనిక్స్ వంశానికి చెందినవి, అంటే లైనక్స్, మ్యాక్ మొదలైనవి, లాంగ్‌ను పాయింటర్‌తో సమానంగా 64 బిట్లకు పెంచాయి. విండోస్ పాయింటర్‌ను మాత్రం 64కు పెంచి, లాంగ్‌ను 32 దగ్గరనే ఉంచింది. విండోస్ ప్రోగ్రాములలో అడుగడుగునా కనిపించే 'డీవర్డ్' అనే పేరు వెనుక ఉన్నది అన్‌సైన్డ్ లాంగే. దానిని కదిలిస్తే అంతకుముందు వ్రాసిన అసంఖ్యాకమైన ప్రోగ్రాములు, నిలువచేసిన ఫైళ్ళు అర్థం మారిపోతాయి. పాతవారిని కాపాడదలచినవారు ఒక త్రోవ, కొత్తదానికి తగినట్లు సరిదిద్దదలచినవారు ఒక త్రోవ పట్టారు. రెండూ న్యాయమే. చిక్కంతా ఒకరి గ్రంథాన్ని మరొకరు చదివేటప్పుడు వస్తుంది.

శిక్షాశాస్త్రంలో ద్రుత, మధ్యమ, విలంబితాలని మూడు వృత్తులున్నాయి. వేగంగా చదివినా, నిదానంగా చదివినా, హ్రస్వదీర్ఘాల నడుమ నిష్పత్తి చెడదు. దీర్ఘం హ్రస్వానికి రెట్టింపే. కాలం మారుతుంది, సంబంధం మారదు. ఈ యంత్రశాస్త్రంలో సంబంధమే మారింది. లైనక్స్‌లో లాంగ్ ఇంట్‌కు రెట్టింపు, విండోస్‌లో ఇంట్‌తో సమానం. పేరు మాత్రం రెండు చోట్లా దీర్ఘమే.

ఈ భేదం పాయింటర్‌తో ఆగితే కథ చిన్నదే. ఒక ఇంట్, ఒక లాంగ్, మరొక ఇంట్ వరుసగా కట్టిన ఒక మూటను తీసుకొందాము. విండోస్‌లో అవి 0, 4, 8 స్థానాలలో కూర్చుంటాయి. మూట మొత్తం 12 బైట్లు. 64 బిట్ల లైనక్స్‌లో లాంగ్ ఎనిమిదితో భాగింపబడే స్థానంలోనే కూర్చోవాలి, కనుక మొదటి ఇంట్ తరువాత నాలుగు బైట్లు ఖాళీ. స్థానాలు 0, 8, 16. చివర ఖాళీతో కలిపి మొత్తం 24. డీబగ్గర్ తన ఇంటి కొలతలతో పొరుగింటి మూటను విప్పితే, ఖాళీ స్థలాన్ని విలువగాను, ఒక విలువ సగాన్ని మరొక విలువగాను చదువుతుంది. మొదటి అంశం మాత్రం రెండు చోట్లా 0 స్థానంలోనే ఉంటుంది కాబట్టి సరిగానే వస్తుంది! అది చూసి మిగిలినవి కూడా సరియైనవే అనుకొంటాము.

అక్షరాల విషయం ఇంకా వింతగా ఉంటుంది. విశాలాక్షరాలకు సీ భాషలో ఒక రకమున్నది. విండోస్‌లో దానికి రెండు బైట్లు, లైనక్స్‌లో నాలుగు. 'రామ' అన్న మాటను విండోస్ ప్రోగ్రాము స్మృతిలో ఉంచినదనుకొందాము. యూనికోడ్‌లో రకారం 3120, దీర్ఘపు గుర్తు 3134, మకారం 3118. ఒక్కొక్కటి రెండేసి బైట్లలో, చివర ముగింపుగా ఒక సున్న. లైనక్స్‌పై ఉన్న డీబగ్గర్ దీనిని తన కొలతతో నాలుగేసి బైట్లుగా చదివితే, రకారము, దీర్ఘము కలిసిపోయి 20,53,92,944 అనే ఒక్క సంఖ్య అవుతుంది. యూనికోడ్ హద్దు 11,14,111; కనుక అది ఏ లోకంలోను అక్షరం కాదు. తరువాతి నాలుగు బైట్లలో మకారం, ముగింపు సున్న కలిసి మళ్ళీ 3118 అవుతాయి. అంటే తెరపై ఒక పిచ్చి గుర్తు, దాని ప్రక్కన చక్కని 'మ'. ముగింపు గుర్తు మకారంలో లీనమైపోయింది గనుక డీబగ్గర్ అక్కడ ఆగదు; ప్రక్కనున్న స్మృతిని కూడా నామంలో భాగంగానే చదువుకొంటూ పోతుంది. చూసినవాడు ప్రోగ్రాము ముగింపు పెట్టడం మరచినదని నిర్ణయిస్తాడు. ప్రోగ్రాము నిర్దోషి.

పరిమాణం కలిస్తే చాలునా అంటే, అదీ చాలదు. 'లాంగ్ డబుల్' అనే దశాంశసంఖ్య ఇంటెల్ వంశపు 64 బిట్ల లైనక్స్‌లో 16 బైట్ల స్థలం ఆక్రమిస్తుంది, కాని విలువ ఉండేది పది బైట్లలోనే, మిగిలినది పూరణ. ఆర్మ్ వంశపు 64 బిట్ల లైనక్స్‌లో కూడా 16 బైట్లే, కాని పదహారూ విలువే. మైక్రోసాఫ్ట్ కంపైలర్‌లో అది 8 బైట్లు మాత్రమే.

కొలతల ఈ కలహం చరిత్రలో ఎంత దూరం పోయిందో చెప్పడానికి 1996 జూన్ 4 చాలు. ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుండి ఎగసిన మొదటి ఏరియాన్ 5 రాకెట్ సుమారు 40 సెకన్లలో ఆకాశంలోనే బ్రద్దలైంది. 64 బిట్ల దశాంశసంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోగా అది ఇమడలేదు. ఆ పూర్ణాంకం 32,767ను మించలేదు. ఆ ప్రోగ్రాము ఏరియాన్ 4 నుండి వచ్చినది. అక్కడ ఆ సంఖ్య ఎన్నడూ అంత పెరగలేదు. ఇంతవరకు చాలామంది చెబుతారు. విచారణ సంఘం నివేదికలో ఉన్న మరొక సంగతిని మాత్రం తరచుగా విడిచిపెడతారు. దిక్కును చెప్పవలసిన యంత్రం విఫలమై, తన రోగనిర్ణయానికి ఉపయోగపడే సమాచారాన్ని బయటికి పంపింది. ప్రధాన కంప్యూటర్ దానిని గమనసమాచారంగా గ్రహించి, లేని వంపును సరిదిద్దడానికి రాకెట్‌ను నిజంగానే వంచింది. నాకు జ్వరమని చెప్పిన మాటను, ఎడమకు తిరుగు అన్న ఆజ్ఞగా విన్నట్లు. మన యువకుడు చెన్నై లేఖలో చేసినది అంతకంటె చిన్న పరిమాణంలో అదే.

దీనికి ప్రతిక్రియ ఈ విద్యలోని పెద్దలకు తెలియనిది కాదు. కంపైలర్ ప్రోగ్రాముతోపాటు 'డ్వార్ఫ్' అనే పద్ధతిలో ఒక లక్షణగ్రంథాన్ని కూడా వ్రాసిపెడుతుంది. ప్రతి మౌలికమైన రకానికి ఎన్ని బైట్లో, ఆ యంత్రంలో చిరునామా ఎంత పొడవో అందులో ఉంటుంది. చూడబడే ప్రోగ్రాము తన మాత్రలను తానే చెప్పుకొంటున్నదన్నమాట. డీబగ్గర్ తన ఇంటి కొలతను ప్రక్కన పెట్టి దానిని చదవాలి, అంతే. ఎల్‌ఎల్‌డీబీ అనే డీబగ్గర్‌లో చిరునామాకు ప్రత్యేకంగా ఒక రకమున్నది. అది ఏ యంత్రంలో తయారైనా 64 బిట్లే. ప్రసిద్ధమైన జీడీబీలో, దూరాన ఉన్న యంత్రం డీబగ్గర్ ద్వారా ఫైళ్ళను వాడుకొనడానికి ఒక ఒప్పందం ఉన్నది. అందులో, ఇటు యంత్రం ఏమన్నా, అటు యంత్రం ఏమన్నా, తీగ మీద ఇంట్ 32 బిట్లు, లాంగ్ 64 బిట్లు అని వ్రాసిపెట్టారు. ఇద్దరూ తమ తమ ఇళ్ళలో ఏ కొలత వాడుకొన్నా, సంతలో మాత్రం ఒకటే తవ్వ. అదే ఒప్పందంలో కాలానికి 32 బిట్లే కేటాయించారు. ధనఋణ సంఖ్యలు రెండింటికీ చోటిచ్చే 32 బిట్లలో సెకన్లను లెక్కించే పద్ధతి 2038 జనవరి 19తో నిండిపోతుంది. ఒప్పందాలకూ ఆయుర్దాయం ఉంటుంది.

సామాన్యంగా ప్రోగ్రాములు వ్రాసేవారికి 1999 నాటి ప్రమాణగ్రంథం ఒక సరళమైన మార్గం చూపింది: బిట్ల సంఖ్య పేరులోనే ఉండే రకాలు. అరవైనాలుగు అని పేరు పెడితే ఏ యంత్రంలోనైనా అరవైనాలుగే. యువకుడు డీబగ్గర్‌లో లాంగ్ ఉన్న ఆ పంక్తిని ఆ విధంగా మార్చాడు. అది ఒక్క పంక్తితో ముగుస్తుందనుకొన్నాడు. వెదికితే సంఖ్యను తిరిగి అక్షరాలుగా ముద్రించే చోట్ల, అంకెలను చదివే చోట్ల, మొత్తం నలభైకి పైగా లాంగ్‌లు బయటపడ్డాయి. పెద్ద పాత్రలో నుండి చిన్న పాత్రలో పోయడాన్ని గురించి కంపైలర్ హెచ్చరించగలదు, కాని కోరితే తప్ప హెచ్చరించదు. పూర్వులు కోరలేదు. ఆదివారం మధ్యాహ్నభోజనం చల్లారిపోయింది.

సాయంకాలానికి తెరపై పన్నెండు అంకెలు వచ్చాయి. తెల్లని శంఖాన్ని తెల్లగా చూసిన తరువాత పరికరం అసలు రోగం అరగంటలో దొరికింది. అరవై కొలతలు కూడవలసిన చోట అరవై ఒక్కటి కూడుతున్నారు. ఆ అరవై ఒకటవ గది ఎవరిదీ కాదు. సాధారణంగా దానిలో సున్న ఉండేది, కూడినా లెక్క మారేది కాదు. అప్పుడప్పుడు ప్రక్క వ్యవహారం దానిని వాడుకొని ఏదో ఒక సంఖ్యను విడిచిపోయేది. ఆనాడు సగటు వెర్రితలలు వేసేది. ఆ కూడిక వ్రాసినది చెన్నై సహోద్యోగిని కాదు. ఆ పంక్తి ప్రక్కన చరిత్రలో నమోదైన పేరు యువకునిదే.

ఇక లేఖ మిగిలింది. డీబగ్గర్‌లో దోషమున్నదని, దానివల్ల పొరపాటు జరిగిందని ఆమెకొక్కతెకు వ్రాస్తే సరిపోతుందని మొదట అతనికి తోచింది. అందులో అసత్యమేమీ లేదు. ఆరోపణ చేసిన లేఖ మాత్రం ఏడుగురికి వెళ్ళింది. వ్రాసి, చెరిపి, చీకటి పడిన తరువాత ఆ ఏడుగురికీ లేఖ పంపాడు. చెడినది పాయింటర్ కాదని, దానిని చూపించిన సాధనమని, ఆమె మొదటినుండి సత్యమే చెప్పిందని, అరవై ఒకటవ గదిని ముట్టుకొన్నది తన పంక్తి అని, ఈ క్రమంలోనే వ్రాశాడు. పది పంక్తుల పరీక్షాప్రోగ్రామును జతచేశాడు.

సోమవారం ఉదయం ఆమె సమాధానం రెండు వాక్యాలలో వచ్చింది. పరీక్షాప్రోగ్రామును ఇకమీదట డీబగ్గర్ తయారైన ప్రతిసారీ, రెండు యంత్రాలపైనా నడిపేటట్లు తాను చేర్చానని మొదటి వాక్యం. 1122334455667788తోపాటు తెలుగులో ఒక మాటను కూడా విశాలాక్షరాలలో చేర్చి పంపగలవా, తనకు ఆ లిపి వ్రాయడం రాదు అన్నది రెండవది. అతడు 'రామ' అని వ్రాసి పంపాడు.